ఇక్కడ మేస్త్రీ ఎవరు

నాన్న పోయిన తొమ్మిదో రోజున, పొద్దున్న పదింటప్పుడు, ఒకావిడ మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది. యాభై అయిదేళ్ళు ఉంటాయేమో, ఎండకి నల్లబడిన మొహం, చేతిలో గుడ్డసంచి. నేను పెద్దకర్మ కార్డులు ముందేసుకుని ఎవరెవరికి ఇవ్వాలో పేర్లు రాసుకుంటున్నాను. ఆవిడ చెప్పులు బయటే వదిలి, "మేస్త్రిగారు పోయారని నిన్న ఏలూరులో తెలిసిందండీ," అంది. నాన్నని ఆ మాటతో ఎవరైనా పిలవగా విని యాభై ఏళ్ళయింది. మా ఇంట్లో కోపం వస్తే ఒకటీ అరా బూతుమాట దొర్లేది గానీ, ఆ ఒక్క మాట మాత్రం నాన్న ఎదుట ఎవరి నోటా వచ్చేది కాదు.

ఆవిడ ఎవరో, ఎందుకు వచ్చిందో చెప్పేముందు ఆ మాట సంగతి చెప్పాలి. దాని గురించి నాకు తెలిసినంత ఈ తాడేపల్లిగూడెంలో ఇంకెవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు నా వెనకాల నన్ను డిక్షనరీ అనేవాళ్ళు. నిజమే, ఏ మాట విన్నా అది ఎక్కణ్ణించి వచ్చిందో చూడకపోతే నాకు అన్నం సహించదు. కానీ ఆ జబ్బు అన్ని మాటలతో రాలేదు, ఒక్క మాటతో మొదలై తర్వాత మిగతావాటికి పాకింది.

మేస్త్రీ అన్నది మన మాట కాదు. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో మన రేవులకి వచ్చినప్పుడు అలమరా, బొత్తాం లాంటి మాటలతో పాటు దీన్ని కూడా దించి వెళ్ళారు. వాళ్ళు మెస్త్రె అంటారు. పని తెలిసినవాడూ, పదిమంది చేత పని చేయించేవాడూ, పడవ నడిపించేవాడూ అందరూ వాళ్ళకి మెస్త్రెలే. ఇటలీ వాళ్ళకి ఇదే మాట మాయెస్త్రో, కచేరీలో వాద్యగాళ్ళందరినీ నడిపేవాడు, బడిలో అక్షరాలు దిద్దించేవాడు. ఫ్రాన్సులో మెత్ర్ అని కోర్టులో వకీలుని పిలుస్తారు. జర్మనీలో మైస్టర్ అనిపించుకోవాలంటే వెనకటి రోజుల్లో ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి పని నేర్చుకుని, తన చేత్తో చేసిన వస్తువు ఒకటి ఆ పని పెద్దల ముందు పెట్టి, వాళ్ళ చేత ఔననిపించుకోవాలి. ఇంగ్లీషులో మాస్టర్ అంటే బడిపంతులూ ఔతాడు, బానిసల్ని కొన్నవాడూ ఔతాడు. మనం బళ్ళో మాస్టారూ అనేదీ, గోడ కట్టేవాణ్ణి మేస్త్రీ అనేదీ ఒక్క మాటనే, రెండు ఓడల మీద వచ్చింది. మధ్యధరా సముద్రంలో వాయవ్యం మూల నుంచి కొట్టే గట్టి గాలికి కూడా నావికులు ఈ పేరే పెట్టారు. వీటన్నిటికీ తల్లి లాటిన్ భాషలో మగిస్తెర్. మగిస్ అంటే ఎక్కువ అని. మిగతావాళ్ళ కంటే ఎక్కువైనవాడు. దానికి ఎదురుగా మినిస్తెర్ అని ఇంకో మాట ఉంది, తక్కువైనవాడు, సేవ చేసేవాడు అని దాని అర్థం. మన మినిస్టర్లకి ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు.

నా చిన్నప్పుడు ఏలూరులో మేం ఉన్నది కాలవ దాటాక ఒక సందులో, రెండు గదుల పెంకుటింట్లో. నాన్న పేరు కొండయ్య, కానీ సందులో ఆ పేరుతో ఎవరికీ పని పడేది కాదు. ఎవరైనా వచ్చి అడిగితే "మేస్త్రీ ఇల్లా, అదిగో" అని చూపించేవాళ్ళు. అమ్మ మేస్త్రీ పెళ్ళాం, నేను మేస్త్రీ కూతురు, మా పిల్లి కూడా మేస్త్రీ పిల్లే. సాయంత్రం ముందు తడి సున్నం వాసన వచ్చేది, దాని వెనకాల నాన్న వచ్చేవాడు. అమ్మ వేడినీళ్ళు సిద్ధంగా ఉంచినా ముందు ఒళ్ళు కడుక్కునేవాడు కాదు. తాపీ, తూకం గుండు, మట్టం చూసే నీళ్ళగొట్టం, వీటిని కడిగి పొడిగుడ్డతో తుడిచి గూట్లో పెట్టాకే స్నానానికి వెళ్ళేవాడు. తర్వాత గడప మీద కూర్చుంటే నేను ఆముదం గిన్నె తెచ్చేదాన్ని. సిమెంటు తిని పగిలిపోయిన ఆయన వేళ్ళ సందుల్లో ఆముదం రాయడం నా పని. పగుళ్ళలోకి నూనె దిగుతుంటే పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చేవాడు. అన్నం తిన్నాక నా పలక తీసుకుని గీతలు గీసేవాడు. చదువు రాని మనిషి, కానీ ఆయన చేత్తో గీసిన గీత బద్ద పెట్టి గీసినట్టు ఉండేది. నేను గీస్తే వంకర పోయేది, "నీ గోడ పడిపోద్దే అమ్మాయ్," అని నవ్వేవాడు.

నాన్న కింద పనిచేసే ముఠాలో పదిహేను మంది దాకా ఉండేవాళ్ళు. వాళ్ళెవరూ ఆయన్ని గారు అనలేదు, మేస్త్రీ అనేవాళ్ళు, అంతే. గౌరవమంతా ఆ మాటలోనే ఉందని వాళ్ళ లెక్క. ఇళ్ళు కట్టించుకునే ఆసాములకి ఆ లెక్క తెలియదు. "ఏరా మేస్త్రీ, ఇవాళ ఎంతమందిని తెచ్చావు?" అనేవాళ్ళు. మా వైపు మాట మెత్తనిదని అందరూ అంటారు, మేమూ అనుకుంటాం. వాకిట్లోకి వచ్చిన కూరగాయల మనిషిని కూడా ఏవండీ అని పిలుస్తాం. ఆ మెత్తదనం ఎక్కడిదాకా వెళ్ళి ఆగిపోతుందో తెలియాలంటే మాత్రం తాపీపని వాడి ఇంట్లో పుట్టాలి. నాన్న తను కట్టిన ఏ ఇంట్లోనూ గడప దాటి కూర్చోలేదు. టీ ఇస్తామంటే చూరులో విడిగా దోపి ఉంచిన గ్లాసు తీసుకుని, తనే కడుక్కుని, తాగి, మళ్ళీ కడిగి దోపేవాడు. అది తప్పని ఆయనకి గానీ మాకు గానీ తోచిన గుర్తు లేదు.

నాన్నకి ఒక పద్ధతి ఉండేది. శ్లాబు పోశాక రోజులు లెక్కపెట్టేవాడు, ఆ రోజులు నిండేదాకా కింద నిలబెట్టిన సరుగుడు కర్రల్ని ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. పైన మట్టితో చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెట్టేవాళ్ళు, బడి సెలవుల్లో ఆ నీళ్ళు పట్టడానికి నన్ను తీసుకెళ్ళేవాడు. కర్రలు తీసే రోజు వస్తే అందర్నీ బయటికి పంపేసి ఒక్కడే శ్లాబు కిందికి వెళ్ళేవాడు. సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. మొదటి కర్ర తనే తీసి, తీసిన చోటే తల పైకెత్తి నిలబడేవాడు. బయట ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. "ఊఁ, రండి," అన్నాకే మిగతావాళ్ళు లోపలికి వెళ్ళేవాళ్ళు. ఇంజనీరు ఎవరైనా చూస్తే నవ్వుతాడు. పడేదుంటే ముందు నామీద పడాలని నాన్న ఎప్పుడూ పైకి అనలేదు, ముఠాకి అనకుండానే తెలుసు. నేను తర్వాత తిరగేసిన ఏ నిఘంటువూ మేస్త్రీకి ఈ అర్థం ఇవ్వలేదు గానీ, మా సందులో ఆ మాటకి అదే అర్థం.

మంగమ్మ ఆ ముఠాలో సిమెంటు తట్టలు మోసేది. కొల్లేటి ఒడ్డున ఒక పల్లె ఆవిడది. మొగుడు పడవ మీద వల వేసేవాడు, చేపలు పడని రోజుల్లో ఈవిడ మోసిన తట్టలే వాళ్ళకి తిండి. బక్కపలచటి మనిషి, కానీ తల మీద చుట్టకుదురు పెట్టి తట్ట ఎత్తుకుంటే మెడ కదిలేది కాదు. నాతో వేళాకోళం ఎక్కువ. "ఏమే మేస్త్రీ కూతురా, పెద్దయ్యాక నువ్వు కడితే నేను మోస్తాలే," అనేది. అయిదేళ్ళ కూతురు దుర్గని వెంట తెచ్చుకుని, ఇసక కుప్ప దగ్గర నాకు అప్పజెప్పి పనిలోకి వెళ్ళేది. మధ్యాహ్నం తన టిఫిన్ గిన్నెలోంచి చిన్నచేపల పులుసు నా అన్నంలో వేసేది. అంత రుచి నేను మళ్ళీ తినలేదు. తినడానికి ప్రయత్నించలేదు కూడా.

ఆ వేసవిలో మంగమ్మ వాళ్ళ పల్లెలోనే ఒక ఆసామి డాబా ఇల్లు కట్టించాడు. కొల్లేట్లో చేపల చెరువులు అప్పుడప్పుడే తవ్వుతున్నారు, కొందరి చేతుల్లో డబ్బు ఆడడం మొదలైంది. పల్లెలో అదే మొదటి డాబా. ముందు వైపు స్తంభాలు లేకుండా గాల్లోకి చొచ్చుకొచ్చే వరండా శ్లాబు కావాలన్నాడు, ఏ పట్నంలోనో చూశాడట. దానికి ఇరవై ఒక్క రోజులు కర్రలు కదపకూడదని నాన్న ముందే చెప్పాడు, ఆసామి సరేనని తల ఊపాడు. పదో రోజున పురోహితుడు వచ్చి మూఢం దగ్గర పడుతోందని, గృహప్రవేశం ఈ వారంలో జరక్కపోతే మూడు నెలలు ఆగాల్సిందేనని చెప్పి వెళ్ళాడు.

ఆ పొద్దున ఆసామి తన పాత ఇంటి అరుగు మీద నిలబడి నాన్నని పిలిచాడు. "మేస్త్రిగారూ, ఒక్కసారి ఇలా రండి." పిలిచింది తననేనా అని నాన్న వెనక్కి తిరిగి చూశాడు. నేను కొత్త ఇంటి పక్క మెట్ల మీద నీళ్ళ బిందెతో ఉన్నాను, ఎదురుగానే, అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది.

"కూర్చోండి మేస్త్రిగారూ. అదేంటండీ, అలా నిలబడిపోతారు. మీరు కట్టిన ఇంట్లో మేం ఉండబోతూ మిమ్మల్ని నిలబెడితే బాగుంటుందా అండీ?"

పేము కుర్చీ. నాన్న దాని అంచు మీద కూర్చున్నాడు. లోపల్నించి కాఫీ వచ్చింది, ఇంట్లోవాళ్ళు తాగే స్టీలు గ్లాసులో, కింద గిన్నె పెట్టి. నేను బిందె దించి అటే చూశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఉన్నమాట చెబుతాను. మా నాన్న ఆ కుర్చీలోంచి ఇంకాసేపటి దాకా లేవకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"పది రోజులైంది కదండీ. మీ చేతి పని గట్టిదని ఊరంతా అంటున్నారు. మీరు ఊఁ అంటే కర్రలు తీస్తారు, వద్దంటే ఆగుతుంది. అంతా మీ మాట మీదే ఉందండీ మేస్త్రిగారూ."

"ఇంకో పది రోజులు ఆగితే మంచిదండి," అన్నాడు నాన్న.

"మూఢం వచ్చేస్తోందండీ. మీరు పెద్దవారు, మీరే చెప్పండి ఏం చేయమంటారో."

పెద్దవారన్నాడు. నాన్నకి నలభై కూడా లేవు. నాన్న గ్లాసు వైపు చూశాడు. లేవాలి, వెళ్ళి సుత్తితో తట్టి వినాలి, తను కింద నిలబడాలి. కానీ సగం తాగిన ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలి, అంతటివాడు కూర్చోబెట్టి మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోతే ఏమనుకుంటాడు, అదీ ఆయన ఆలోచన. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ తర్వాత అమ్మతో ఒక్కసారి అన్నాడట, అమ్మ నాతో చెప్పింది. కూర్చున్న చోటి నుంచే చెయ్యి ఎత్తి, "తీసేయండ్రా," అని కేక వేశాడు. ముఠా వాళ్ళు ఆయన వస్తాడేమోనని చూస్తూ నిలబడ్డారు. "తీసేయమంటున్నా గదా," అన్నాడు ఈసారి ఇంకాస్త గట్టిగా, ఆసామి వింటున్నాడని.

కుర్రాళ్ళు కర్రలు పడగొడుతున్నారు. మంగమ్మ పడిన కర్రల్ని ఏరి భుజాన వేసుకుని బయటికి మోస్తోంది. రెండు సార్లు మోసింది. మూడోసారి లోపలికి వెళ్ళి వంగింది. నేను అప్పుడు నాన్న వైపే చూస్తున్నాను, కాబట్టి శ్లాబు విరగడం చూడలేదు, చప్పుడు విన్నాను. తిరిగి చూసేసరికి వరండా లేదు, దుమ్ము ఉంది. శ్లాబు ముక్కలు ఎత్తడానికి అరగంట పట్టింది. నాన్న గోళ్ళు ఊడిపోయేలా తవ్వాడు. ఆవిణ్ణి బయటికి తీసినప్పుడు నన్ను ఎవరో అటు తిప్పి కళ్ళు మూశారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. కూతురు దుర్గకి జ్వరమని ఆ రోజు మంగమ్మ దాన్ని నాయనమ్మ దగ్గర వదిలి వచ్చింది.

పోలీసులు మధ్యాహ్నం దాటాక వచ్చారు. హెడ్డు కానిస్టేబులు పుస్తకం తెరిచి అడిగిన మొదటి మాట, "ఇక్కడ మేస్త్రీ ఎవరు?"

ముఠా అంతా నేల చూస్తోంది. నాన్న రెండు చేతులూ కట్టుకుని ముందుకు వచ్చాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. "మేస్త్రీ అంటూ ఎవరూ లేరండి. అందరం కూలోళ్ళమేనండి," అన్నాడు.

ఆసామికి కావలసిందీ అదే. మేస్త్రీ ఉంటే, మేస్త్రీని తొందరపెట్టినవాడూ ఉంటాడు. "ఔనండీ, నేనే దగ్గరుండి కట్టించుకుంటున్నానండి. ముట్టుకోవద్దన్నా వినకుండా ఆవిడే కర్ర లాగేసిందండీ, పాపం," అన్నాడు. పాపం అని కూడా అన్నాడు. హెడ్డు రాసుకుంటూ, ఏమనిపించిందో, నావైపు తిరిగాడు. "ఏం పాపా, మీ నాన్న మేస్త్రీయేనా?" నాకు పన్నెండేళ్ళు. అబద్ధం అంటే ఏమిటో తెలియని వయసు కాదు. "కాదండి. కూలీ అండి," అన్నాను. రెండు అండీలు పెట్టడం మరిచిపోలేదు. ఆయన పుస్తకం మూసేశాడు.

నాన్న మళ్ళీ తాపీ పట్టలేదు. నెల తిరక్కుండా ఏలూరు వదిలి ఈ తాడేపల్లిగూడెం వచ్చేశాం. ఇక్కడ ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసే పనిలో చేరాడు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ అదే చేశాడు. కూలీనని ఒకసారి చెప్పాడు గనక కూలీగానే ఉండిపోయాడు. అది తనకి తను వేసుకున్న శిక్ష అని చాలాకాలం అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. శిక్ష అయితే ఎవరికో ఒకరికి తెలియాలి. ఇది దాక్కోవడం. మా ఇంటి వాసన కూడా మారిపోయింది. సున్నం పోయి, ఉల్లిపొట్టు వచ్చింది, చొక్కా మడతల్లో, దుప్పట్లలో, అమ్మ జుట్టులో. నాకు ఇప్పటికీ ఉల్లిపాయలు తరిగితే కళ్ళలో నీళ్ళు రావు. పక్కింట్లో గోడ కడుతుంటే నాన్న వీధిలో నిలబడి చూసేవాడు, వరస వంకర పోతే ఆయన కుడి చెయ్యి దానంతటదే కదిలేది, వెంటనే లోపలికి వచ్చేసేవాడు. నా జీతంతో ఈ ఇల్లు కట్టించినప్పుడు పునాది నుంచి గృహప్రవేశం దాకా ఒక్క రోజు ఇటు రాలేదు. వచ్చాక కూడా శ్లాబు కింద పడుకోలేదు. పెరట్లో రేకుల షెడ్డు వేయించాం, ముప్ఫై ఏళ్ళు ఎండలోనూ వానలోనూ అందులోనే పడుకున్నాడు, అందులోనే పోయాడు.

నేను మాత్రం ఆ మాట వెంట పడ్డాను. కాలేజీ లైబ్రరీలో మొదలుపెట్టి, దొరికిన నిఘంటువల్లా కొని, పాత ఓడల సంగతులు, లాటిన్ ధాతువులు, నోట్‌బుక్కుల నిండా రాసుకున్నాను. దాన్ని చదువనుకున్నాను. ఒకసారి ఇంటికి ట్యూషన్‌కి వచ్చిన పిల్లలకి మాస్టరూ మేస్త్రీ ఒకే మాటర్రా అని ఉత్సాహంగా చెబుతున్నాను, నాన్న వెనక గదిలో అన్నం తింటున్న సంగతి మరిచిపోయాను. కంచం ముందు నుంచి లేచిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే అన్నం కలిపింది కలిపినట్టే ఉంది, నాన్న నూతి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. "ఆ మాట ఎందుకమ్మా," అన్నాడు, అంతే. తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండా ఉండడానికి మాకు ముప్ఫై ఏళ్ళు దొరికాయి.

ఇప్పుడు మా వీధిలోనే నాలుగంతస్తుల ఇళ్ళు లేస్తున్నాయి. కాంక్రీటు లారీలో కలిపి వస్తుంది, కర్రల బదులు ఇనప గొట్టాలు, ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన కుర్రాళ్ళు, తలకి పసుపు టోపీలు. ఆ మేస్త్రీని అందరూ మేస్త్రిగారూ అనే పిలుస్తున్నారు, కుర్చీ వేస్తున్నారు, మంచిదే. ఆయన ఫోన్లో ఉంటాడు. కర్రలు తీసేటప్పుడు కింద ఎవరు నిలబడతారో నాకు తెలియదు, ఎవరూ నిలబడక్కర్లేదేమో. అప్పటి రోజులు మంచివని నేను అనను. అప్పుడు ఆ గౌరవం మాకు అలవాటు లేదు. ఒక్క పూట ఇస్తే మంగమ్మ పోయింది.

తమ్ముడు గూడెం వచ్చాక పుట్టాడు, వాడికి ఇవేవీ తెలియవు. నాన్న పోయాక ఏలూరు చుట్టం ఒకాయన మాటల్లో "మీ నాన్న మంచి పనిమంతుడయ్యా" అన్నాడట. వాడికి ప్రాణం లేచొచ్చింది. ఫ్లెక్సీ మీదా కార్డు మీదా ప్రముఖ తాపీ మేస్త్రీ అని వేయిద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "నాన్నకి ఆ మాట గిట్టదురా," అన్నాను. ఎందుకు గిట్టదో చెప్పలేదు. ఒట్టి పేరుతో కార్డులు వచ్చాయి. ఆ కార్డులే నా ముందు ఉన్నాయి ఆవిడ వచ్చేసరికి.

"నేను మంగమ్మ కూతుర్నండి. దుర్గనండి," అంది.

కార్డూ పెన్నూ చేతిలో ఉండగానే ఆవిణ్ణి పెరట్లో షెడ్డులోకి తీసుకెళ్ళి నాన్న మంచం పక్కన కుర్చీ వేశాను. కూర్చోలేదు, కింద చాప మీద కూర్చుంది. నేనూ కింద కూర్చున్నాను. అదే పల్లెలో ఉంటోందట, చేపల చెరువుల దగ్గర పట్టిన చేపల్ని ఏరి ఐసులో సర్దే పని. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి. మంచినీళ్ళు తాగి కాసేపు మంచం వైపు చూసింది.

"మా నాన్న ఈయన కోసం చూసేవాడండి. మేస్త్రీ మంచోడే, ఒకనాటికి వస్తాడు, ఏం జరిగిందో వచ్చి చెప్తాడు అనేవాడు. పోయేదాకా అన్నాడండి."

"నాన్న ఎప్పుడైనా..." అని నేను మొదలుపెట్టాను.

"రాలేదండి. ఒక్కసారీ రాలేదు." కోపంగా అనలేదు. బస్సు రాలేదన్నట్టు చెప్పింది. "ఊళ్ళో ఇప్పటికీ అంటారండి, దీని తల్లి వద్దంటే వినకుండా కర్ర లాగి చచ్చిపోయిందని. నా పెళ్ళప్పుడు కూడా అన్నారు, తల్లి బుద్ధి వస్తదేమో చూసుకోండని. మీరు ఆ రోజు అక్కడున్నారంట గదండీ. మా అమ్మ లాగిందాండీ?"

"లేదు," అన్నాను. "మా నాన్న తీసేయమన్నాడు. రెండుసార్లు అన్నాడు, నేను విన్నాను. మీ అమ్మ ఏ కర్రా లాగలేదు. పడినవి మోస్తోంది, అంతే. నన్ను పోలీసులు అడిగితే మా నాన్న మేస్త్రీ కాదని చెప్పాను."

షెడ్డు గుమ్మంలో తమ్ముడు ఉన్నాడని అప్పుడు చూశాను. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. "అక్కా, ఏంటిది? మనిషి పోయి పది రోజులు కాలేదు," అన్నాడు. దుర్గ వాడి వైపు చూడలేదు. నా చేతిలోని కార్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి, "నాకు చదువు రాదండి. ఇందులో మేస్త్రీ అని ఉందాండీ?" అని అడిగింది.

"లేదు."

"వేయించాలి గదండీ. మేస్త్రీ లేడంటే మా అమ్మే లాగినట్టు గదండీ."

కార్డు తీసుకుని వెనక వైపు రాశాను. కొండయ్య అనే మేస్త్రీ రోజులు నిండకుండా కర్రలు తీయించాడని, తను కిందికి వెళ్ళి చూడకుండా కుర్చీలోంచే చెప్పాడని, దానివల్ల శ్లాబు కూలి మంగమ్మ చనిపోయిందని, ఆవిడ తప్పు ఏమీ లేదని, ఆ రోజు అక్కడే ఉన్న ఆయన కూతుర్ని నేనని. కింద సంతకం పెట్టాను. తమ్ముడు గేటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దకర్మ నాడు నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడడం లేదు.

"చదవండి," అంది దుర్గ. చదివాను. "మళ్ళీ చదవండి." మళ్ళీ చదివాను. పెదాలు కదుపుతూ వింది, కంఠస్థం చేస్తున్నట్టుంది. అయ్యాక కార్డు తీసుకుని మడత పడకుండా సంచిలో పెట్టుకుంది. లేవబోతూ ఆగి, "మీరు టీచరుగారంట గదండీ," అంది.

"ఔను."

"ఇంతే గదండీ, నాలుగు ముక్కలు. ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదండీ?"

గూడెం నుంచి వాళ్ళ పల్లెకి రైలూ బస్సూ కలిపి మూడు గంటలు పట్టదు. నేను ఆ మాట పట్టుకుని లిస్బన్ దాకా వెళ్ళాను, రోము దాకా వెళ్ళాను, కొల్లేటి దాకా వెళ్ళలేదు. నాన్నకైతే జైలు భయం అనుకోవచ్చు. నాకు ఏ భయమూ లేదు, నన్నెవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. దుర్గ సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"ముందే రాసుంటే మా నాన్నకి వినిపించేదాన్నండి," అంది.